నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి చెప్పండి

(సైకాలజీ ఎం.ఏ., ఎం.ఎస్సీ. చివరి ఏడాది విద్యార్థులు ప్రాజెక్టు పనిలోకి దిగే ముందు, పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకుడు ఇచ్చిన ప్రసంగానికి అక్షరరూపం.)

అందరికీ నమస్కారం. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు లోపలికి రండి నాయనా, ముందు రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. ముప్పై ఏళ్ళకి పైగా పాఠాలు చెప్పాను, ముందు బెంచీ అంటే ఇంత జంకు ఎందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. దాని మీద ఎవరూ ప్రాజెక్టు కూడా చెయ్యలేదు.

మీ ప్రాజెక్టు టైటిళ్ళ జాబితా ముందే పంపమని మీ హెడ్‌గారిని అడిగాను. పంపారు. సగానికి పైగా 'విశ్వవిద్యాలయ విద్యార్థులలో ఒత్తిడి'. మిగతావాటిలో ఒత్తిడి పక్కన ఒకచోట ఆత్మగౌరవం, ఒకచోట నిద్ర, నాలుగుచోట్ల సెల్‌ఫోను. మిమ్మల్ని దెప్పడానికి అనడం లేదు. 1987లో నేను చేసిందీ అదే: పీజీ విద్యార్థులలో ఆందోళన. అప్పుడు గూగుల్ ఫారాలు లేవు, సైక్లోస్టైల్ కాగితాలు. వేళ్ళకి సిరా అంటుకునేది. సాయంత్రం పూట గది గదికీ తిరిగి పంచి, మర్నాడు మళ్ళీ గది గదికీ తిరిగి వసూలు చేసుకునేవాణ్ణి, పాలవాడిలాగా.

అలా వసూలైన కాగితాల్లో ఒకదాని మీద టిక్కులన్నీ పెట్టి, కింద మార్జిన్‌లో పెన్సిల్‌తో రాశాడు ఒకబ్బాయి: "అన్నా, రెండు నెలలనుంచీ మెస్ బిల్లు కట్టలేదు. ఇందులో ఆ ప్రశ్న లేదు."

నేను ఏం చేశానంటే, టిక్కులు లెక్కపెట్టి, స్కోరు వేసి, కాగితాన్ని కట్టలో పెట్టేశాను. ఆ వాక్యానికి స్కోరు లేదు కదా. నా ప్రాజెక్టుకి మంచి మార్కులే వచ్చాయి.

ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ పెన్సిల్ రాత గురించే. మనం పిల్లల మనసుని కొలుస్తున్నాం, వాళ్ళ రోజుని వదిలేస్తున్నాం. మనసు ఎక్కడుంటుంది? రోజులోనే కదా ఉంటుంది! పొద్దున్న బాత్‌రూం దగ్గర క్యూలో, మెస్‌లో, మూడో బెంచీలో, బస్సులో, రాత్రి పదకొండింటికి ఇంటినుంచి వచ్చే ఫోనులో.

ఒక ఉదాహరణ. మీలో చాలామంది వాడబోతున్నది మనసు ఎంత బాగుందో కొలిచే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐదు ప్రశ్నల టూల్, డబ్ల్యు.హెచ్.ఓ.-5 అంటారు, 1998నాటిది. మంచి టూల్. చిన్నది. ఉచితం. ఒక్కో ప్రశ్నకీ సున్నా నుంచి ఐదు, మొత్తం పాతికకి. దాన్ని నాలుగుతో గుణిస్తే వందకి వస్తుంది. గడిచిన రెండు వారాల గురించి అడుగుతుంది. నాలుగో ప్రశ్న చూడండి: నిద్ర లేచేసరికి హాయిగా, బడలిక తీరినట్టుగా ఉందా? ఇది మనసుని అడిగే ప్రశ్నలాగా కనిపిస్తుంది. ఇప్పుడు దాన్ని మన హాస్టల్ గదిలోకి తీసుకెళ్ళండి. ముగ్గురికిచ్చిన గది. ఉండేది ఐదుగురు. ఇద్దరు నాన్‌బోర్డర్లు. హైదరాబాదు హాస్టళ్ళలో ఉన్నవాళ్ళకి ఆ మాట నేను చెప్పక్కర్లేదు. కోర్సు అయిపోయాక కూడా గ్రూప్స్ కోసమో, ఎస్.ఐ. పరీక్ష కోసమో తమ్ముడి గదిలో చాప పరుచుకున్న అన్నలు. ఒకాయన రెండింటిదాకా లైటు వేసుకుని చదువుతాడు. ఇంకొకాయన నాలుగున్నరకి లేచి గ్రౌండుకి పోతాడు. మధ్యలో దోమలు. ఈ గదిలో పడుకున్నవాడు నాలుగో ప్రశ్నకి 'సున్నా' అంటే, అది వాడి మనసు చెప్పిన జవాబా, గది చెప్పిన జవాబా?

వాడి స్కోరు తగ్గింది. వందకి యాభై కన్నా దిగువన పడింది, అంటే మనసు బాగాలేదని లెక్క. మీరు ఐదో అధ్యాయంలో ఏం రాస్తారు? 'విద్యార్థులకు ధ్యానం, సానుకూల దృక్పథంపై శిక్షణ ఇవ్వాలి.' [నవ్వులు] నవ్వకండి, నేను వైవాకి వెళ్ళిన ప్రతిచోటా ఆ వాక్యం చూశాను. దోమతెర ఇవ్వాలి అని రాసినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

ధ్యానం మీద నాకు కోపం లేదు, నేనూ చేస్తాను. కానీ డేటా చెప్పనిది మనం చెప్పకూడదు.

సరే, రెండో సంగతి. ఎప్పుడు అడిగారు? కుంగుబాటుని కొలిచే పి.హెచ్.క్యు.-9 తెలుసు మీకు, తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోటి సున్నా నుంచి మూడు, మొత్తం ఇరవై ఏడు. పదీ, ఆ పైనా వస్తే జాగ్రత్తగా చూడాలంటారు. అదీ గడిచిన రెండు వారాల గురించే. జనవరి మొదటి వారంలో ఇంటర్నల్స్ ముందు అడిగితే ఒక సంఖ్య వస్తుంది. అదే పిల్లల్ని సంక్రాంతికి ఇంటికెళ్ళి, అరిసెలు తిని, డబ్బాలో సకినాలు పట్టుకుని తిరిగొచ్చాక అడిగితే ఇంకో సంఖ్య వస్తుంది. రెండు కాలేజీలని పోల్చే ప్రాజెక్టుల్లో ఒక కాలేజీలో సెలవుల ముందు, ఇంకో కాలేజీలో సెలవుల తర్వాత డేటా తీసి, తేడా 'సిగ్నిఫికెంట్', అంటే ఏదో యాదృచ్ఛికంగా వచ్చింది కాదు, అని రాసేస్తారు. అది కాలేజీల మధ్య తేడా కాదమ్మా, క్యాలెండర్‌లో తేడా. కనీసం ఏ తేదీల మధ్య డేటా తీశారో, ఆ రోజుల్లో క్యాంపస్‌లో ఏం జరుగుతోందో ఒక పేరా రాయండి. ఫీజు గడువు ఉందా, ఫలితాలు వచ్చాయా, నీళ్ళు రాలేదా. ఈ పేరా ఉన్న ప్రాజెక్టు నా చేతికి వస్తే నేను సగం సంతోషపడిపోతాను.

మూడోది భాష. ఇక్కడ కొంచెంసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది మన పొలం.

1977లో వచ్చిన సి.ఇ.ఎస్.-డి. అనే కుంగుబాటు స్కేలు ఉంది, ఇరవై ప్రశ్నలు. అందులో ఒక వాక్యంలో 'బ్లూస్' అనే మాట ఉంది, ఇంగ్లీషులో దిగులుకి వాడే మాట. ఇంట్లోవాళ్ళూ స్నేహితులూ సాయం చేసినా ఆ 'బ్లూస్' వదిలించుకోలేకపోయాను అని. దీన్ని డిక్షనరీ పెట్టుకుని తెలుగు చేస్తే ఏమవుతుంది? 'నీలాలు వదిలించుకోలేకపోయాను.' తలనీలాలైతే తిరుమలలో కల్యాణకట్టకి వెళితే ఐదు నిమిషాల్లో వదిలిపోతాయి! [నవ్వులు]

ఇప్పుడు యంత్రం అనువాదం చేసి పెడుతోంది కాబట్టి ఇంత మోటు తప్పు రాదు. నున్నటి తప్పులు వస్తాయి. చదివితే బాగానే ఉంటుంది, ఎవరూ అలా మాట్లాడరు. 'గత రెండు వారాలలో మీరు ఎంత తరచుగా నిస్సహాయతా భావనలచే బాధించబడ్డారు?' ఇది ఏ అమ్మ భాష? దీనికి మార్గం పాతదే, బ్రిస్లిన్ అనే పరిశోధకుడు 1970లో చెప్పినది. ఒకరు తెలుగు చెయ్యాలి, మూలం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి తేవాలి, రెండు ఇంగ్లీషుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. అది చెయ్యండి. చేశాక ఇంకొక పని కూడా చెయ్యండి. ఐదారుగురిని కూర్చోబెట్టి, ఒక్కో ప్రశ్నా చదివించి, 'నీకేం అర్థమైందో నీ మాటల్లో చెప్పు' అని అడగండి. చెట్టుకింద కూర్చుని చెయ్యొచ్చు, ఖర్చు రెండు టీలు.

అప్పుడు మీకు తెలుస్తుంది, మనవాళ్ళు బాధని ఎన్ని రకాలుగా విభజించుకుంటారో. దిగులు వేరు, బెంగ వేరు. దిగులు దేనిగురించైనా ఉండొచ్చు, ఏమవుతుందో అని. బెంగ ఉండాలంటే దూరమైన మనిషో ఊరో ఉండాలి. 'ఇంటి మీద బెంగ పెట్టుకుని చిక్కిపోయాడు' అంటాం, 'పరీక్ష మీద బెంగ పెట్టుకున్నాడు' అని అంటే ఆ పరీక్ష మీద ప్రేమ ఉందేమో అనిపిస్తుంది. గుబులు కడుపులో పుడుతుంది, ఫలితాల ముందు. ఆదిలాబాదునుంచి వచ్చిన అబ్బాయి రంది అంటాడు, బుగులు అంటాడు. రంది లోపల కూర్చుని తినేది, బుగులు భయంతో కలిసింది. ఇవి కాక నామోషీ ఉంది, చిన్నతనం ఉంది, ఉక్రోషం ఉంది. పైనుంచి 'తల బరువుగా ఉంది సార్', 'నీరసం', 'గుండె దడ', 'ఆకలి వెయ్యట్లేదు' అని వంటి మీదికి తెచ్చుకునే మాటలున్నాయి. డిస్పెన్సరీలో డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఈ మాటలే చెప్తారు, 'నాకు డిప్రెషన్' అని ఎవరూ చెప్పరు. ఇన్నింటినీ మూట కట్టి 'ఒత్తిడి' అనే ఒక్క గోతాంలో పడేస్తున్నాం మనం.

నా పెన్సిల్ రాత అబ్బాయి సంగతే తీసుకోండి. వాడిది ఏం బాధ? ఆందోళన అని నేను కొలిచాను. మెస్ బాకీ ఉన్నవాళ్ళ పేర్లు నోటీసు బోర్డు మీద పెడతారు. దాని ముందునుంచే భోజనానికి వెళ్ళాలి. అది ఆందోళన కాదు, నామోషీ. ఆందోళనకి ఊపిరి వ్యాయామం పనికొస్తుందేమో. నామోషీకి పనికిరాదు. దానికి నోటీసు బోర్డు తీసెయ్యాలి, లేదా స్కాలర్‌షిప్ టైముకి పడాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలున్న రాష్ట్రాల్లో చదువుకుంటూ డబ్బు గురించి ఒక్క ప్రశ్న లేకుండా 'విద్యార్థి ఒత్తిడి' కొలవడం ఏమిటో ఆలోచించండి.

ఇంకొకటి ఇంగ్లీషు. పదో తరగతి దాకానో, డిగ్రీ దాకానో తెలుగు మీడియంలో చదివి ఇక్కడికి వచ్చినవాళ్ళు చేతులెత్తండి. ... చూశారా? సగం హాలు. ఇప్పుడు ఒక ప్రశ్న అడుగుతాను, చెయ్యెత్తక్కర్లేదు, మనసులో చెప్పుకోండి. ఈ వారంలో, జవాబు తెలిసి కూడా ఇంగ్లీషులో చెప్పలేక ఊరుకున్నది ఎన్నిసార్లు? మనం పంచే ఈ స్కేళ్ళలో ఈ ప్రశ్న లేదు. ఉండదు కూడా, ఎందుకంటే ఆ స్కేళ్ళు రాసినవాళ్ళకి ఈ అనుభవం లేదు. మీకు ఉంది.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. మీ దగ్గర ప్రొఫెసర్ల దగ్గర లేనిది ఒకటుంది. మీరు ఎవరి గురించి పరిశోధిస్తున్నారో వాళ్ళతో కలిసి అదే సాంబారు తింటున్నారు. అలాంటిది మీ మంచం మీద పడుకుని, పక్క మంచం మీద పడుకున్నవాడికి వాట్సాప్‌లో గూగుల్ ఫారం లింకు పంపిస్తున్నారు. అందులో మళ్ళీ 'డియర్ రెస్పాండెంట్'!

లింకు సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. లింకు నింపేది ఎవరు? గ్రూపులో ఉన్నవాడు, మీ ముఖం చూసి కాదనలేనివాడు, ఆ టైముకి తీరిక ఉన్నవాడు. గ్రూపునుంచి 'ఎగ్జిట్' అయినవాడు, మూడు వారాలనుంచి క్లాసుకి రానివాడు, సెమిస్టరు మధ్యలో ఊరికి వెళ్ళిపోయినవాడు, వీళ్ళే కదా మనం వెతుకుతున్నది! వీళ్ళు తప్ప అందరూ నింపుతారు. హాజరు పట్టీ వేసేటప్పుడు 'రానివాళ్ళంతా చేతులెత్తండి' అన్నట్టుంటుంది.

మరి ఏం చెయ్యాలి? రోజుని పట్టుకోవడానికి దార్లు ఉన్నాయి, యాభై ఏళ్ళుగా ఉన్నాయి. 1970లలో షికాగోలో చిక్సెంట్‌మిహాయి అనే ఆయన, ఆయనతోపాటు లార్సన్, మనుషులకి పేజర్లు ఇచ్చారు. పేజర్లు మీరు చూసి ఉండరు, నడుముకి పెట్టుకునే చిన్న డబ్బా. అది రోజులో ఏదో ఒక సమయంలో మోగుతుంది. మోగినప్పుడు ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు, ఏం చేస్తున్నావు, ఎలా ఉంది, ఈ నాలుగూ అక్కడికక్కడ రాయాలి. నెలాఖరున జ్ఞాపకం చేసుకుని రాసేదానికీ దీనికీ చాలా దూరం. జ్ఞాపకం అబద్ధాలకోరు కాదుగానీ, బద్ధకస్తురాలు. ఆఖరి రోజు ఎలా ఉంటే నెలంతా అలాగే ఉందని చెప్పేస్తుంది.

తర్వాత 2004లో కానెమన్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు ఇంకో పద్ధతి తెచ్చారు. టెక్సస్‌లో ఉద్యోగాలు చేసే 909 మంది స్త్రీలని నిన్నటి రోజుని ముక్కలు ముక్కలుగా, సినిమా సీన్లలాగా రాయమన్నారు. లేచాను, పిల్లల్ని తయారు చేశాను, కారులో ఆఫీసుకి వెళ్ళాను, ఇలాగ. ఒక్కో ముక్కకీ ఎలా అనిపించిందో మార్కులు. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు, కాగితం చాలు. మన ప్రాజెక్టులకి ఇదే అన్నిటికన్నా పనికొస్తుందని నా అభిప్రాయం.

ఫోనులున్నాయి కదా అంటారు. అదీ చేశారు. 2013లో అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ వాళ్ళు స్టూడెంట్‌లైఫ్ అని ఒక అధ్యయనం చేశారు. 48 మంది విద్యార్థులు, పదివారాల టర్ము. వాళ్ళ ఫోన్లే నిద్రని, నడకని, మాటల సమయాన్ని పట్టుకున్నాయి. మధ్యమధ్య చిన్న ప్రశ్నలు. ఏం తేలింది? టర్ము మొదట్లో అందరూ ఉత్సాహంగా, బాగా నిద్రపోతూ, కబుర్లు చెప్పుకుంటూ ఉన్నారు. పని మీద పడేకొద్దీ ఒత్తిడి పెరిగింది, నిద్ర, కబుర్లు, కదలిక తగ్గాయి. 'ఇది మాకు తెలియదా?' అనకండి. తెలియడం వేరు, ఏ వారంలో ఎంత తగ్గిందో గీత గీసి చూపించడం వేరు. ఆ గీత చేతిలో ఉంటే పరీక్షల విభాగం దగ్గరికి వెళ్ళి 'మూడు ఇంటర్నల్స్ ఒకే వారంలో పెట్టకండి' అని అడగొచ్చు. సగటు ఒత్తిడి స్కోరు చేతిలో ఉంటే ఎవరి దగ్గరికీ వెళ్ళలేం.

ఇంకో సంగతి గమనించారా? 48 మంది. మీ గైడ్ మూడొందలమంది కావాలంటారు. నేనూ అనేవాణ్ణి. మూడొందలమంది ఒక్కసారి నింపిన ఫారంకన్నా ముప్పైమంది పద్నాలుగు రోజులు రాసిన డైరీ నాకు ముద్దు. 420 రోజులు అవుతాయి. అయితే జాగ్రత్త, 420 రోజులంటే 420 మంది కాదు. ఒకే మనిషి రోజులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, అన్నదమ్ముల్లాగా. వాటిని విడివిడి మనుషుల్లాగా లెక్కకట్టి, సగటులు పోల్చే టీ-టెస్టు వేశారో, వైవాలో దొరికిపోతారు. మల్టీలెవెల్ పద్ధతిలో, అంటే ఏ రోజు ఏ మనిషిదో లెక్కలోకి తీసుకుని చెయ్యాలి. మీ గణాంక శాస్త్రం మేడమ్‌ని ఇప్పుడే పట్టుకోండి, డేటా తీశాక కాదు.

సెల్‌ఫోను ప్రాజెక్టులు నలుగురివి అన్నాను కదా. మీ నలుగురికీ ఒక కథ. 2019లో ఓర్బెన్, ష్చిబిల్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా, బ్రిటన్‌లలోని 3,55,358 మంది కౌమారవయస్కుల డేటా తీసుకుని, ఫోనులూ స్క్రీనులూ వాడకానికీ మనసు బాగుండడానికీ ఉన్న సంబంధం ఎంతో చూశారు. సంబంధం ఉంది. వ్యతిరేకమే. ఎంతంటే, పిల్లల మానసిక క్షేమంలో ఉన్న తేడాల్లో ఎక్కువలో ఎక్కువ 0.4 శాతమే దీనితో ముడిపడి ఉంది. పోలిక కోసం అదే డేటాలో మిగతావీ చూశారు. బంగాళదుంపలు తినడానికి ఉన్న సంబంధం కూడా దాదాపు అంతే వచ్చింది! కళ్ళజోడు పెట్టుకోవడానికి అంతకన్నా ఎక్కువ వచ్చింది. [నవ్వులు] ఎవరైనా ఇంట్లో ఆలుగడ్డ కూర మానేశారా దీనివల్ల?

ఫోను మంచిదని నేను అనడం లేదు. 'రోజుకి ఎన్ని గంటలు వాడతారు' అనే ప్రశ్నే బలహీనమైనది అంటున్నాను. మొదటి చిక్కు, అడిగితే ఎవరూ సరిగా చెప్పలేరు, ఫోను సెట్టింగుల్లో చూసి రాయమనండి. రెండో చిక్కు పెద్దది. రాత్రి పన్నెండింటికి రీల్స్ చూస్తున్నవాడూ, ఊళ్ళో అమ్మకి బాగోలేదని వీడియో కాల్‌లో ఉన్న అమ్మాయీ, యూట్యూబులో గ్రూప్-2 పాఠం వింటున్నవాడూ మీ ఫారంలో ముగ్గురూ 'ఆరు గంటలు'. ఆపైన, ఫోను చూసి నిద్ర పోయిందా, నిద్ర పట్టక ఫోను చూస్తున్నాడా? ఒక్కసారి తీసిన డేటా ఇది ఎప్పటికీ చెప్పలేదు. డైరీలో అయితే ఏ రాత్రి ఏది ముందు జరిగిందో కనీసం వరస దొరుకుతుంది.

ఇంకొక అలవాటు. చివరి అధ్యాయంలో తప్పకుండా 'జెండర్ డిఫరెన్స్' టేబుల్. అమ్మాయిల స్కోరు ఎక్కువ వచ్చిందనుకోండి, 'స్త్రీలు సహజంగా భావోద్వేగాలు కలవారు' అని ఒక ముక్క. ఇది చదివితే నాకు ఒళ్ళు మండుతుంది. అబ్బాయిల హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారు? అసలు మూస్తారా? అమ్మాయిలది? లైబ్రరీ రీడింగ్ హాలు రాత్రంతా తెరిచి ఉంటే అది ఎవరికి తెరిచి ఉన్నట్టు? ఎనిమిదింటికల్లా గదిలో ఉండాల్సిన మనిషి సాయంత్రమూ, అర్ధరాత్రి టీ తాగడానికి బయటికెళ్ళగల మనిషి సాయంత్రమూ పక్కపక్కన రాయించండి. తర్వాత మాట్లాడదాం సహజమేమిటో. అలాగే కులం గడి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ అని నాలుగు పెట్టెలు పెట్టి సగటులు పోలుస్తారు. క్లాసులో చేరిన మొదటి వారంలో 'నీ ర్యాంకెంత' అని ఎవరు ఎవర్ని అడిగారు, ఆ అడగడంలో ఏం అడిగారు, అది ఆ పెట్టెలో పట్టదు. రోజులో పడుతుంది.

ఇప్పుడు కొంచెం బరువైన విషయం. అందరూ వినండి.

పి.హెచ్.క్యు.లో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచన గురించి. రాత్రి పదింటికి మీ గూగుల్ షీటు తెరిచారు. ఒక వరసలో తొమ్మిదో ప్రశ్నకి 'దాదాపు ప్రతిరోజూ' అని ఉంది. పేరు లేదు, ఫోను నంబరు లేదు, అజ్ఞాతం అని మీరే మాట ఇచ్చారు. ఏం చేస్తారు? మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నట్టు జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. అంటే ఆ వరస ఊహ కాదు. మీ డేటాలో తప్పకుండా ఉంటుందనుకునే బయల్దేరాలి.

ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుడుతుందని కొందరు భయపడతారు. అలా జరగదని పరిశోధనలు చెప్తున్నాయి. అడగడం తప్పు కాదు, అడిగి ఊరుకోవడం తప్పు. మీకు రెండు దార్లు. మీ ప్రాజెక్టుకి ఆ ప్రశ్న అవసరం లేకపోతే, అది తీసేసిన పి.హెచ్.క్యు.-8 ఉంది, ఇరవై నాలుగుకి స్కోరు, అది వాడండి. అడిగేటట్టయితే, అజ్ఞాతం అని మాట ఇవ్వకండి. కోడ్ నంబరు ఇవ్వండి, పేర్ల జాబితా గైడ్ దగ్గర తాళంలో ఉండాలి. ఏ జవాబు వస్తే మీరు మనిషిని కలుస్తారో సమ్మతి పత్రంలోనే తెలుగులో రాయండి. డేటాని రోజూ చూడండి, నెలాఖరున కాదు. కౌన్సిలర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి. ప్రతి కాగితం కింద 14416 వెయ్యండి, అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో మొదలైంది, పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. డబ్బు తీసుకోరు. మీలో ఎవరికైనా అవసరమైతే మీరూ చెయ్యొచ్చు, ప్రాజెక్టుతో సంబంధం లేదు.

డైరీలకి ఇంకో బాధ్యత ఉంది. హాస్టల్ గదిలో రహస్యం ఉండదు. మంచం మీద వదిలేసిన డైరీని రూమ్మేటు చదువుతాడు, పైకి చదివి వినిపిస్తాడు కూడా. అందుకని డైరీని మనిషి దగ్గర ఉంచకండి. ఏ రోజు కాగితం ఆ రోజు, తాళం వేసిన పెట్టెలో వేయించుకోండి. మీ స్నేహితులనే శాంపిల్‌గా తీసుకోకండి. వాడి మెస్ బాకీ సంగతి మీకు పరిశోధకుడిగా తెలిసి, స్నేహితుడిగా తెలియనట్టు ఉండడం మీవల్ల కాదు.

ఇవన్నీ ఇప్పుడు ఎందుకు ముఖ్యమంటే, పైనుంచి కూడా కదలిక వచ్చింది. ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద సుప్రీంకోర్టు 2025 మార్చిలో జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. అదే ఏడాది జులైలో, విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉండగా చనిపోయిన ఒక అమ్మాయి కేసులో పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలంది. మంచిదే. పోస్టులు పడితే మీకే ఉద్యోగాలు. కానీ ఆ కౌన్సిలర్ కుర్చీలో రేపు మీరు కూర్చున్నప్పుడు, ఎదురుగా వచ్చి కూర్చున్న పిల్ల 'తల బరువుగా ఉంది మేడమ్' అంటే, ఆ బరువు ఏ గంటలో మొదలైందో అడగడం మీకు ఇప్పటినుంచే అలవాటు కావాలి.

టైమెంతయింది? ... పావు తక్కువ పన్నెండు. మంచిది, సరిపోతుంది. ఇంక నేను మాట్లాడను. మీ ముందు తెల్లకాగితాలు పెట్టించాను. పేరు రాయకండి, ఎవరికీ ఇవ్వక్కర్లేదు, మీ దగ్గరే ఉంచుకోండి. నిన్నటి రోజు. లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా, ముక్కలు ముక్కలుగా. ఒక్కో ముక్క పక్కన నాలుగు: ఎన్నింటికి, ఎక్కడ, ఎవరితో, ఎలా ఉంది. ఎలా ఉంది అన్నచోట 'స్ట్రెస్' అనే మాట రాయకూడదు. మీ ఊళ్ళో ఏమంటారో అది రాయండి.

ఏమ్మా? ... నిన్న ఆదివారమా? పర్వాలేదు, ఆదివారమే రాయండి. మెస్‌లో కూర ఏమిటో కూడా రాయండి.